వీధి చివర మూసిన గీత

పొద్దున ఆరున్నరకి డాబా ఎక్కగానే ఆమె కళ్ళు ముందు ఆకుపచ్చ తువ్వాలు కోసం వెతికేవి. గోడకి అవతల మూడో ఇల్లు అక్కది. ఆ ఇంటి పెరట్లో తీగ మీద తువ్వాలు కనిపించిందంటే అక్క లేచింది, ముఖం కడుక్కుంది, ఇవాళ్టికి పరవాలేదు అని అర్థం. అది చూసుకున్నాక తన తువ్వాలు తీసి డాబా మీద తీగకి ఆరేసేది. నేనూ లేచాను అని జవాబు. రెండు తువ్వాళ్ళూ ఆమె భర్తే కొన్నాడు, ఒకే కొట్లో, ఒకే రోజు. "మీ అక్కచెల్లెళ్ళిద్దరికీ టెలిగ్రాం లైను వేయించాను," అన్నాడు అప్పుడు.

అక్కకి చెవులు పూర్తిగా పోయి రెండేళ్ళయింది. ఫోను చేస్తే "ఎవరూ?" అని నాలుగుసార్లు అడిగి, "ఎవరైతేనేం, చల్లగా ఉండండి," అని పెట్టేసేది. మోకాళ్ళు అంతకు ముందే పోయాయి. అక్కతో మాట్లాడాలంటే ఎదురుగా కూర్చుని పలక మీద రాయాలి. రాయాలంటే ముందు అక్కడికి చేరాలి.

ఆమెకి దూరాలు ఉజ్జాయింపుగా చెప్పడం చేతకాదు. ఇరవై ఎనిమిదేళ్ళు నగర ప్రణాళిక ఆఫీసులో ట్రేసరుగా పనిచేసింది. సర్వేయర్లు పెన్సిలుతో గీసి తెచ్చిన పటం మీద పల్చటి ట్రేసింగు బట్ట పరిచి, కింద కనిపించే ప్రతి గీతనీ నల్ల సిరాతో పైకి ఎక్కించడం ఆమె పని. సంతకాలూ ముద్రలూ ఆ సిరా పటానికే పడేవి. ఆఫీసులో అందరూ ట్రేసరమ్మ అనేవాళ్ళు. ఆ పేరే కాలనీలోనూ నిలిచిపోయింది. ఆమె కొలత ప్రకారం తన గడప నుంచి అక్క గడపకి అరవై నాలుగు మీటర్లు. మధ్యలో వీధికి అడ్డంగా ఏడడుగుల గోడ ఉంది కాబట్టి, చుట్టి చేరాల్సిన దారి అయిదు కిలోమీటర్ల రెండువందల మీటర్లు.

ముందు కాలనీ గేటు దాకా నడవాలి. అక్కడి నుంచి పెద్ద రోడ్డు. పెద్ద రోడ్డు మీద బస్సెక్కి నీళ్ళ ట్యాంకు కూడలిలో దిగి, ఇంకో బస్సెక్కి బైపాసు మీదుగా వచ్చిన వైపే వెనక్కి రావాలి. అక్క వాళ్ళ కాలనీ గేటు దగ్గర దిగి, మళ్ళీ వీధి చివరి దాకా నడవాలి. బస్సులు వెంటవెంటనే దొరికితే గంటా పది నిమిషాలు. ఊరు పెరిగిన తీరే అంత. ఒకప్పుడు నీళ్ళ ట్యాంకు దగ్గర ఆగిపోయిన ఊరు ఇప్పుడు నాలుగు వైపులా పాకింది. పాకినచోటల్లా ఒక కాలనీ, కాలనీకో గేటు, గేటు దగ్గర ఓ కుర్చీ, కుర్చీలో నిద్రపోయే కాపలాదారు. పక్కపక్కన నిలబెట్టిన సీసాల్లా ఉంటాయి కాలనీలు. ఒక్కో సీసాకి ఒక్కటే మూతి.

స్థలం కొన్నప్పుడు ఇలా లేదు. ఆయన అదే ఆఫీసులో సర్వేయరు. ఈ లేఅవుటు కొలిచింది ఆయనే, ఈ స్థలం ఏరింది ఆయనే. "ఈ వీధి నేరుగా వెళ్ళి మీ అక్క వాళ్ళ వీధిలో కలుస్తుంది. కూర అడుగంటితే మీ అక్కకి వాసన రావాలి, అంత దగ్గర," అన్నాడు. చాలా ఏళ్ళు అలాగే గడిచింది. రెండు కాలనీల మధ్య ఖాళీ జాగాలో కాలిబాట ఉండేది. అక్క ఇటు, ఆమె అటు, రోజుకి ఎన్నిసార్లో లెక్కలేదు. తొమ్మిదేళ్ళ కిందట ఆ బాటలో మోటారు సైకిళ్ళు ఎక్కువయ్యాయని ఈ కాలనీ సంఘం వాళ్ళు గోడ కట్టారు. ఆమోదం పొందిన పటంలో వీధి ఇక్కడితో ఆగిపోయిందట, కట్టుకునే హక్కు ఉందట.

"పటంలో అలా ఎందుకుంటుంది? కొలిచింది నువ్వేగా, వెళ్ళి చూడు," అంది ఆమె ఆయనతో.

"ఆ గొడవలు మనకెందుకులే," అన్నాడు ఆయన.

ఆ మాట ఆమెకి మింగుడుపడలేదు. తొమ్మిదేళ్ళలో ఎన్నిసార్లు దెప్పిందో. "ఊళ్ళో అందరి హద్దులూ కొలిచావు, ఇంటి పక్క గోడకి మాత్రం నోరు పెగలదు నీకు," అనేది. ఆయన నవ్వి స్కూటరు తీసేవాడు. ఆదివారం ఆదివారం ఆ అయిదు కిలోమీటర్లూ చుట్టి వెళ్ళి, వదినగారికి మందులూ కూరగాయలూ ఇచ్చి, టీ తాగి, మళ్ళీ అయిదు కిలోమీటర్లూ చుట్టి వచ్చేవాడు.

పోయినేడు ఒక పొద్దున ఆయన మంచం మీదే గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. ఆమె ఆసుపత్రికి ఫోను చేసి, పరుగున డాబా ఎక్కి ఎర్ర దుప్పటి ఆరేసింది. వెంటనే రా అని అక్కకి అది గుర్తు. కిందికి వచ్చి ఆయన కుడి చెయ్యి పట్టుకుని కూర్చుంది. మంచానికి అటువైపు ఎవరూ లేరు. నలభై నిమిషాలున్నాడు ఆయన. ఆంబులెన్సు వచ్చేసరికీ, ఆటోలో అక్క వచ్చేసరికీ అన్నీ అయిపోయాయి. ఆ రోజు కూడలిలో ఆటో కదల్లేదు. అప్పట్నుంచీ అక్క ఎప్పుడు కలిసినా ఒకటే మాట. "చెప్పులు వెతుక్కుంటూ కూర్చున్నానే. చెప్పుల్లేకుండా వచ్చేయాల్సింది."

ఆ తర్వాత ఆ ఇంట్లో గడియారం చప్పుడు, ఫ్రిజ్ చప్పుడు, పొద్దున తువ్వాలు. అంతే.

ఒక మంగళవారం తువ్వాలు కనిపించలేదు.

ఏడింటి దాకా చూసింది. అక్క కూతురు ఆసుపత్రిలో నర్సు, రాత్రి డ్యూటీ నుంచి ఇంకా వచ్చి ఉండదు. ఆమె కిందికి దిగి, తాళం వేసి, గేటు, బస్సు, కూడలి, బస్సు, గేటు అన్నీ దాటి చేరేసరికి ఎనిమిదీ పది. అక్క స్నానాల గదిలో నేల మీద గోడకి చేరగిలబడి, ఒళ్ళో చెంబు పెట్టుకుని కూర్చుని ఉంది. ఎవరో బంధువు ఇంటికి వచ్చినట్టు తలెత్తి చూసింది.

"వచ్చావా. బస్సు తొందరగానే దొరికిందే," అంది.

ఎముక విరగలేదు. కానీ రెండున్నర గంటలు ఆ తడి నేల మీద ఉంది. అక్క కూతురు వచ్చి, తల్లిని పడుకోబెట్టి, నొప్పి తగ్గే సూది వేసి, బయట వరండాలోకి వచ్చి నిలబడింది.

"పిన్నీ, ఇంక నా వల్ల కాదు. నెలాఖరుకి ఆసుపత్రి దగ్గరే ఇల్లు తీసుకుంటున్నా. అమ్మని తీసుకెళ్ళిపోతా."

ఆ ఆసుపత్రి ఊరికి అటు చివర. ఊరు అటువైపు పెరిగి పెరిగి ఇప్పుడు ఇరవై రెండు కిలోమీటర్లు.

"నేను పక్కనే ఉన్నాగదమ్మా."

"పక్కనే ఉన్నావు పిన్నీ. కానీ చెయ్యి చాపితే అందవు. నువ్వు పది నిమిషాల్లో రాగలిగితే నేనెందుకు కదులుతాను? ఆ గోడ తీయించు, మేమిక్కడే ఉంటాం."

లోపల్నుంచి అక్క గొంతు వినిపించింది. తనకి వినిపించదు కాబట్టి మిగతావాళ్ళకి గట్టిగా వినిపించాలని అక్క నమ్మకం. "ఆ గోడ కట్టినవాడికి ఒళ్ళంతా దురద పుట్టాలి. గోక్కోడానికి వేళ్ళు ఆడకూడదు."

ఆమె మర్నాడే పాత ఆఫీసుకి వెళ్ళింది. నెలాఖరుకి ఇంకా ఇరవై మూడు రోజులున్నాయి.

ఆఫీసు మెట్లు అవే. పైన మాత్రం అన్నీ మారాయి. ట్రేసర్లు కూర్చునే వాలు బల్లలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. అవి వచ్చినప్పుడే ఆమె ముందుగా రిటైరై ఇంటికి వచ్చేసింది. ప్లానింగు అధికారి ముప్పయ్యేళ్ళ అమ్మాయి. అర్జీ అంతా చదివి పెన్ను పక్కన పెట్టింది.

"అమ్మా, విషయం చిన్నదే. పటంలో వీధి చివర తెరిచి ఉంటే, వీధి ముందుకి వెళ్ళాలని అర్థం. అప్పుడు గోడ ఆక్రమణ కింద లెక్క, పదిహేను రోజుల్లో తీయిస్తాను. చివర గీత పెట్టి మూసేసి ఉంటే మాత్రం వీధి అక్కడితో ఆగినట్టే. నేనేం చేయలేను."

"తెరిచే ఉంటుంది," అంది ఆమె. "కొలిచింది మావారు."

రికార్డుల గదిలో పాత అటెండరు ఇంకా ఉన్నాడు. ఇంకో ఏడాదికి రిటైరవుతాడు. ఆమెని చూసి లేచి నిలబడి, కుర్చీ మీద దుమ్ము తన తువ్వాలుతో దులిపాడు.

"రండి ట్రేసరమ్మగారూ. మీరు వెళ్ళాక ఈ గది తలుపు తీసేది నేనూ ఎలకలూనే. అవే నయం, చదివి మరీ కొరుకుతాయి."

"నా పటాలు కొరికాయా?"

"మీ సిరాకి భయపడతాయమ్మా. అంచులు మాత్రం రుచి చూశాయి."

పటం సంఖ్య ఆమెకి ఇంకా గుర్తుంది. అటెండరు పొడవాటి రేకు డబ్బా మూత తిప్పి, చుట్ట బయటికి లాగి, బల్ల మీద పరిచి నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టాడు. నీలిరంగు ట్రేసింగు బట్ట నలభై ఏళ్ళకి కాస్త పసుపు తిరిగింది. గీతలు మాత్రం నిన్న గీసినట్టున్నాయి. కుడివైపు కింది మూలలో చిన్న పొడి అక్షరాలు. ఆమెవే. అప్పటికి ఆమెకి ఇరవై ఆరు. పెళ్ళికి ఇంకా ఏడాది ఉంది.

తన వీధిని వేలితో పట్టుకుని పోయింది. ఇరవై అడుగుల వెడల్పు, రెండు సన్నటి గీతలు, ఇటు పన్నెండు స్థలాలు, అటు పన్నెండు. వీధి చివరికి వచ్చేసరికి వేలు ఆగింది. రెండు గీతల్నీ కలుపుతూ అడ్డంగా మూడో గీత. మూలలు రెండూ అంగుళంలో వెయ్యో వంతు కూడా తేడా లేకుండా కలిశాయి.

"పెన్సిలుది తీయి," అంది.

అడుగునున్న మందపాటి కాగితం తీసి పక్కన పరిచాడు. అది ఆయన చేతిది. ఆయన పెన్సిలు గట్టిగా నొక్కేవాడు, కాగితం వెనక తడిమితే గీత తెలుస్తుంది. ఆ కాగితం మీద వీధి చివర మూసి లేదు. రెండు గీతలూ లేఅవుటు హద్దు దాకా వచ్చి, నోరు తెరుచుకుని అలాగే నిలిచిపోయాయి.

ఆమెకి అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఉద్యోగంలో చేరిన మొదటి వారం ట్రేసర్లందరికీ పెద్ద అయిన హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ ఆమె బల్ల దగ్గరికి వచ్చి, ఆమె గీసిన మొదటి పటం మీద వేలు పెట్టాడు. "గీతల కొసలు ఇలా గాలికి వదిలేస్తారా? పని మధ్యలో లేచి వెళ్ళినట్టుంది. మూలలు కలపాలి." మంచి పనిమంతుడు, ఆ పెద్దాయన మాట ఆమెకి శిలాశాసనం. ఆ రోజు నుంచి తెరిచి ఉన్న కొస ఎక్కడ కనిపించినా సన్నటి గీతతో కలిపేసేది. పటం చూడముచ్చటగా ఉండేది. ఆమె పని శుభ్రంగా ఉంటుందని పేరొచ్చింది. సర్వేయర్ల గదిలో మాత్రం తెరిచిన కొసకి వేరే అర్థం. పక్క భూమి లేఅవుటు అయినప్పుడు ఈ వీధి అందులోకి సాగాలని. సర్వేయర్ల గదికీ ట్రేసర్ల గదికీ మధ్య పది గజాల వరండా. ఆ సంగతి చెప్పడానికి అటువాళ్ళు ఇటు రాలేదు, అడగడానికి ఇటువాళ్ళు అటు వెళ్ళలేదు.

పొరపాటు గీతని గీకడానికి అప్పట్లో సగం విరిచిన బ్లేడు బల్ల సొరుగులో పెట్టుకునేది. ఆమె చెయ్యి ఇప్పుడు కూడా బల్ల అంచు కింద సొరుగు కోసం తడిమింది.

"ఈ పటానికి గిరాకీ తక్కువే," అంటున్నాడు అటెండరు, రిజిస్టరు తిరగేస్తూ. "ఇందాక మీ సంతకానికి పేజీ తీస్తే కనిపించింది. చివరిసారి తీసుకున్నది సర్వేయరు గారే. చూడండి."

తొమ్మిదేళ్ళ కిందటి తారీఖు. గోడ కట్టిన నెల. ఇదే పటం సంఖ్య, సిరాదీ పెన్సిలుదీ రెండూ. "పరిశీలించి తిరిగి ఇచ్చాను" అని ఆయన దస్తూరి, కింద సంతకం. పదకొండు గంటలకి తీసుకున్నాడు, నాలుగున్నరకి ఇచ్చాడు. అయిదున్నర గంటలు ఈ రెండు కాగితాలూ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, ఆ గొడవలు మనకెందుకులే అన్నాడు.

ఆమె ఆ సంతకాన్ని చాలాసేపు చూసింది. "ఇంటి పక్క గోడకి నోరు పెగలదు నీకు" అన్న తన గొంతు తనకే వినిపించింది. ఎన్నిసార్లు అంది? ఆయన ఒక్కసారి, ఒక్క కోపంలోనైనా, ఆ గీత నీదే అని అనలేదు.

"మంచినీళ్ళు తెమ్మంటారా అమ్మా?"

"వద్దు. ఇంకో డబ్బా తీయి. నా పేరున్నవి."

అతను తీసినకొద్దీ ఆమె విప్పింది. పాల కేంద్రం వెనక లేఅవుటు. బైపాసు పక్కది. పెద్ద కాలువ అవతలివి మూడు. అన్నిట్లోనూ ముద్దుగా కలిసిన మూలలు. పద్నాలుగోది విప్పాక ఇంక చాలంది.

ఆ మధ్యాహ్నమే అధికారి ముందు కూర్చుని ఒక పేజీ రాసింది. పెన్సిలు పటంలో వీధి తెరిచి ఉందని, ట్రేసింగులో మూసివేసింది తానని, అది నకలులో జరిగిన పొరపాటని. అధికారి చదివి తల పైకెత్తింది.

"దీని మీద గోడ తీయించొచ్చమ్మా. కాకపోతే నోటీసులో కారణం రాయాలి. రెండు కాలనీల గేట్ల దగ్గరా అంటిస్తారు. అప్పటి ట్రేసరు అని ఉంటుంది. మీరని అందరికీ తెలిసిపోతుంది."

"తెలియనివ్వండి."

ఆమె ఇంకో కాగితం ముందుకి జరిపింది. దాని మీద పద్నాలుగు పటాల సంఖ్యలున్నాయి.

"ఇవి?"

"ఇవి కూడా నావే."

"వీటి గురించి ఎవరూ అర్జీ పెట్టలేదే."

"వాళ్ళకి తెలియదుగా, వీధి ముందుకి వెళ్ళాల్సిందని."

అధికారి ఆ కాగితాన్ని మడిచి ఫైల్లో అడుగున పెట్టింది. పైకి ఎప్పుడొస్తుందో ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఇంటికి వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి ఆమె ప్రతి సందు లోపలికీ చూసింది. చాలా సందుల చివర గోడ కనిపించింది. స్కూలు సంచీలు మోసుకుంటూ పిల్లలు పెద్ద రోడ్డు అంచున వరసగా నడుస్తున్నారు, లారీల పక్కనే.

నోటీసు అంటించిన సాయంత్రం కాలనీ సంఘం కార్యదర్శి ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడమ్, మీరే మూశారు, ఇప్పుడు మీరే తెరుస్తానంటారు. మధ్యలో మేమేమైపోవాలి? ఆ వీధి ప్రశాంతంగా ఉందనేగా ఇళ్ళు కొనుక్కున్నాం."

"మోటార్లు రావండీ. ఇనప కడ్డీలు పాతుతారు. మనుషులు నడిచేంతే."

"మనుషులే కదా మేడమ్ వద్దనేది," అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, "సర్వేయరు గారుంటే ఇంతదాకా రానిచ్చేవారు కాదు," అన్నాడు.

"అవును," అంది ఆమె. "రానివ్వలేదు."

అతనికి ఏమీ అర్థం కాలేదు, వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి ఎదురింటావిడ పాల పాకెట్టు తీసుకునేటప్పుడు పలకరించడం మానేసింది. పక్కింటాయన డాబా మీద ఎదురుపడితే మొక్కల వైపు తిరిగేవాడు. ఆమెకి ఇల్లు ఇంకాస్త పెద్దదైనట్టనిపించింది. ఆయన ఉండి ఉంటే ఏమనేవాడో అని రోజూ ఒకసారైనా అనుకునేది. అని, ఏమీ అనేవాడు కాదు, స్కూటరు తీసేవాడు అని తనే జవాబు చెప్పుకునేది.

నెలాఖరుకి నాలుగు రోజుల ముందు ఇద్దరు కూలీలు సమ్మెటలతో వచ్చారు. గోడ మధ్యలో నాలుగడుగుల మేర పడగొట్టి, రెండు ఇనప కడ్డీలు పాతి, శిథిలాలు బండికెత్తి మధ్యాహ్నానికి వెళ్ళిపోయారు. అడుగున ఒక్క వరస ఇటుకలు అలాగే వదిలేశారు. అడిగితే తమకి గోడ తీయమనే చెప్పారని, పునాది తీయమనలేదని అన్నారు.

వాళ్ళు వెళ్ళాక ఆమె ఇటుకల వరస దాటి అవతలికి నడిచింది. అడుగులు లెక్కపెట్టుకుంది. నూట పద్దెనిమిది. ఒకప్పుడు ఎనభై అయిదు పట్టేవి. మూడు నిమిషాల్లోపే అక్క వరండాలో ఉంది.

అక్క ఆమెని చూసి, గడియారం చూసి, మళ్ళీ ఆమెని చూసింది. "బస్సు ఏ వేళప్పుడు ఎక్కావే?"

ఆమె వీధి చివరకి చెయ్యి చూపించింది. అక్క కర్ర పట్టుకుని గేటు దాకా వచ్చి, గోడలో వెలుతురు పడుతున్న చోటుని చూసి చాలాసేపు నిలబడింది. లోపలికి వచ్చి కూర్చున్నాక కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"తీశారు సరే. కట్టినవాడికి మాత్రం నా శాపం శాపమే. ఒళ్ళంతా దురద." తర్వాత ఎప్పటి మాటే అంది. "ఆ రోజే ఇది ఉంటే. అప్పటికీ నాదే తప్పు. చెప్పులు వెతుక్కుంటూ కూర్చున్నాను."

అక్క కూతురు నోటీసు చదివే ఉంటుంది. వంటింటి గుమ్మంలో నిలబడి ఒద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆమె బల్ల మీది పలక తీసుకుంది. సుద్దముక్క కొసని నేల మీద గీకి సన్నగా చేసుకుంది. నెమ్మదిగా రాసింది. అక్షరాలన్నీ ఒక ఎత్తున, గీత గీసి పేర్చినట్టు వచ్చాయి.

పటంలో వీధి మూసింది నేను. తెలియక చేశాను. దాన్ని చూసే గోడ కట్టారు. నీ చెప్పుల వల్ల కాదు.

అక్క పలకని దూరంగా పట్టుకుని చదివింది. దగ్గరగా పట్టుకుని మళ్ళీ చదివింది.

"మరిదికి తెలుసా?"

ఆమె తల ఊపింది.

"ఎప్పట్నుంచి?"

తొమ్మిది వేళ్ళు చూపించింది.

అక్క చూపు ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ మీదికి వెళ్ళింది. ఆదివారాలు ఆయన కూర్చునేది అందులోనే. "నేను గోడని తిట్టినప్పుడల్లా, టీ చల్లారిపోతోంది వదినా అనేవాడు," అంది. "ఒక్కసారి కూడా నాతో కలిసి తిట్టలేదు. మెతక మనిషి అనుకున్నాను."

అక్క పలక తుడవలేదు, తిరిగి ఇవ్వలేదు. ఒళ్ళో బోర్లించి పెట్టుకుంది. చీకటి పడబోతుంటే ఆమె లేచి చెప్పులు తొడుక్కుంది. అక్క తలెత్తలేదు. నూట పద్దెనిమిది అడుగులూ లెక్కపెట్టకుండానే ఇంటికి వచ్చింది.

పొద్దున ఆరున్నరకి డాబా ఎక్కింది. పెరట్లో తీగ ఖాళీగా ఉంది. తన తువ్వాలు చేతిలో పట్టుకుని నిలబడింది. ఆరేయాలో వద్దో తెలియలేదు. ఏడయింది. అక్క పడిపోయి ఉండొచ్చు. పడిపోకుండా, కావాలనే వేయకుండా కూర్చుని ఉండొచ్చు. మొదటిదైతే మూడు నిమిషాల్లో చేరగలదు. రెండోదైతే అయిదు కిలోమీటర్లు చుట్టినా చేరలేదు.

మెట్లు దిగి తలుపు తీసి వీధిలోకి వచ్చింది.

అక్క గోడ దగ్గర ఉంది. కర్ర మీద ఒరిగి, పగిలిన ఇటుకల అంచుని అరచేత్తో తడుముతోంది. అడుగునున్న ఆ ఒక్క వరస ఇటుకలు దాటడానికి మోకాలు లేవక ఆగిపోయింది. కాళ్ళకి చెప్పులున్నాయి. ఆమె వెళ్ళి చెయ్యి అందించింది. అక్క ఆ చెయ్యి పట్టుకుని, ఒక కాలు, కాసేపాగి ఇంకో కాలు, ఇవతల పెట్టింది.

ఎదురింటావిడ పాల పాకెట్టుతో గేటు దగ్గర నిలబడి చూస్తోంది. అక్క ఎటూ చూడకుండా నడిచింది. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకుంది. ఇంట్లోకి వచ్చి, ముందుగది దాటి, నేరుగా పడగ్గదిలోకి వెళ్ళింది. ఆయన మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. అక్క గోడ గడియారం వంక చూసింది.

"ఆరూ యాభైకి మా ఇంట్లో గడియారం చూసి లేచాను," అంది. "చెప్పులు కావాలని మంచం కిందికి తోసేసి, మళ్ళీ వెతుక్కున్నాను. ఆ రోజులాగే. అదీ కలిపాను."

గడియారం ఏడూ తొమ్మిది చూపిస్తోంది.

"పంతొమ్మిది నిమిషాలు. ఎంతసేపున్నాడన్నావు?"

ఆమె నాలుగు వేళ్ళు చూపించి, పిడికిలి ముడిచి సున్నా చేసింది.

"అందేదాన్నే," అంది అక్క.

ఆ మాటలో కోపం ఉందేమోనని ఆమె అక్క ముఖంలోకి చూసింది. ఉంది. ఇంకేదో కూడా ఉంది, ఏడాదిగా మోస్తున్న బరువు దించిన మనిషి ముఖంలో ఉండే అలసట లాంటిది. ఆమె అలవాటుగా మంచానికి కుడివైపు, ఆ రోజు కూర్చున్న చోటే కూర్చుంది. అక్క కాసేపు కర్ర మీద ఒరిగి నిలబడింది. తర్వాత కిటికీ దగ్గరున్న కుర్చీని ఒక చేత్తో ఈడ్చుకుంటూ, మంచం చుట్టూ తిరిగి, అటువైపుకి వెళ్ళి కూర్చుంది.